శనివారం కార్టూన్లు జారిపోయింది 12కీ 16కీ మధ్య సందులోంచి

అమెరికా టీవీలో శనివారం పొద్దున వరసగా వచ్చే కార్టూన్లు ఎందుకు ఆగిపోయాయి, కేబుల్, యూట్యూబ్ దెబ్బేనా అని అడిగారు. యూట్యూబ్ సంగతి ముందు తేల్చేద్దాం. అది పుట్టింది 2005లో. అక్కడి పెద్ద టీవీ నెట్‌వర్కుల్లో ఒకటైన ఎన్‌బీసీ శనివారం కార్టూన్లని 1992లోనే ఎత్తేసి, ఆ వేళకి వార్తలూ టీనేజర్ల సీరియళ్లూ పెట్టుకుంది. పదమూడేళ్ల తర్వాత వచ్చినదాని మీద ఈ నేరం మోపలేం.

కేబుల్‌కి మాత్రం వాటా ఉంది. నికెలోడియన్ 1979లో మొదలైంది, కార్టూన్ నెట్‌వర్క్ 1992 అక్టోబర్ 1న. రోజంతా కార్టూన్లు దొరికే ఇంట్లో పిల్లలు శనివారం దాకా ఎందుకు ఆగుతారు? అయితే చూసేవాళ్లు తగ్గారన్న ఒక్క మాటతో లెక్క సరిపోదు. ఏబీసీ 2011లో, సీబీఎస్ 2013లో, సీడబ్ల్యూ 2014లో పిల్లల బ్లాకులు (వరసగా వేసే కార్యక్రమాలు) తీసేసి వాటి స్థానంలో పెట్టినవన్నీ ఒకే మూసలోవి. జంతువులు, పశువైద్యులు, కుక్కలకి శిక్షణ, ప్రయాణాలు. మూడింటికీ సరుకు వచ్చింది కూడా లిట్టన్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే ఒక్క కంపెనీ నుంచే. 2016లో ఎన్‌బీసీ కూడా అక్కడికే వెళ్లింది. పోటీపడే నాలుగు నెట్‌వర్కులు ఒకే కొట్టుకి వెళ్లి ఒకే రకం సరుకు ఎందుకు తెచ్చుకున్నాయి? నన్నడిగితే జవాబు మొత్తం నియమాల్లో రాసి ఉన్న రెండు వయసుల్లో ఉంది.

1990 నాటి చిల్డ్రన్స్ టెలివిజన్ యాక్ట్ పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలకి హద్దు పెట్టింది. శని, ఆదివారాల్లో గంటకి పదిన్నర నిమిషాలు, మిగతా రోజుల్లో 12 నిమిషాలు. ఇది వర్తించేది 12 ఏళ్లు, ఆ లోపు పిల్లల కోసం తీసిన వాటికి మాత్రమే. ఆ చట్టం కిందే 1996లో ఎఫ్‌సీసీ, అంటే ప్రసారాల్ని అదుపుచేసే ప్రభుత్వ కమిషన్, ఇంకో నియమం తెచ్చింది. ప్రతి స్టేషనూ వారానికి 3 గంటలు పిల్లలకి చదువూ సమాచారమూ ఇచ్చే కార్యక్రమాలు వెయ్యాలి. పొద్దున 7 నుంచి రాత్రి 10 లోపు, ప్రతి వారం ఒకే వేళకి, ఒక్కోటి కనీసం అరగంట. ఆ 3 గంటలు చూపిస్తే లైసెన్సు రెన్యువల్ ఫైలు కింది స్థాయిలోనే కదిలిపోతుంది, లేకపోతే కమిషన్ ముందుకి వెళ్లే ప్రమాదం. ఈ నియమంలో పిల్లలంటే 16 ఏళ్లు, ఆ లోపు.

ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. 13 నుంచి 16 ఏళ్ల వాళ్ల కోసం అని చెప్పి ఒక పశువైద్యుడి కార్యక్రమం తీస్తే, అది 3 గంటల లెక్కలోకి వస్తుంది, పదిన్నర నిమిషాల హద్దులోకి రాదు. పైగా దాన్ని చూసేది ఎక్కువగా పెద్దవాళ్లే కాబట్టి మందులు, ఇన్సూరెన్సు, కార్లు, ఏ ప్రకటనైనా అమ్ముకోవచ్చు. కార్టూన్‌కి ఈ వెసులుబాటు లేదు. శనివారం అరగంట కార్టూన్‌లో ప్రకటనలకి దక్కేది 5 నిమిషాల 15 సెకన్లు. అంటే 30 సెకన్ల ప్రకటనలు పది, మీద 15 సెకన్లు. హద్దు లేని గంటలో 14 నిమిషాలు అమ్మారనుకుందాం. గంటకి మూడున్నర నిమిషాలు, అంటే ఏడు ప్రకటనలు అదనం. 3 గంటలకి 21. ఏడాదిలో 52 శనివారాలు. ఈ లెక్క చూసిన మేనేజరు కార్టూన్ ఎందుకు కొంటాడు?

నిమిషాల గొడవ ఒక్కటే అయినా ఎలాగో నెట్టుకొచ్చేవాళ్లు. దీనికంటే ప్రాణం తీసింది ఇంకో నియమం. కార్టూన్‌లోని బొమ్మ అదే కార్టూన్ మధ్యలో వచ్చే ప్రకటనలో కనిపిస్తే, ఆ అరగంట మొత్తాన్నీ ప్రకటనగానే లెక్కేస్తారు. ఒక్క సెకను మెరిసినా అంతే. పోకేమాన్ కార్టూన్ నడుస్తుండగా నింటెండో ఈ-రీడర్ అనే, కార్డులు చదివే ఆట పరికరం ప్రకటన వచ్చింది. అందులో ఒక పోకేమాన్ కార్డు కాసేపు కనిపించింది. ఆ ప్రకటన నెట్‌వర్క్ నుంచే వచ్చినా దోషం అంటుకున్నది దాన్ని ప్రసారం చేసిన స్థానిక స్టేషన్లకి. అందుకే పిల్లల కార్యక్రమం ఉన్నచోట ప్రతి ప్రకటననీ ముందే కూర్చుని చూసి, ఎక్కడ ఏ బొమ్మ ఉందో రాసుకుని, పక్క కార్యక్రమంతో సరిచూసుకోవాలి. అంతమంది మనుషులు ఆ స్టేషన్లలో ఉండరు. కుక్కల శిక్షణ కార్యక్రమానికి ఈ బాధ లేదు. ఏబీసీలో 2012లో మొదలైన సీ రెస్క్యూ సీవరల్డ్ భాగస్వామ్యంతోనే వచ్చింది. పిల్లల బొమ్మ ఒక్క క్షణం కనిపిస్తే తప్పు, వినోద పార్కు కార్యక్రమమంతా కనిపిస్తే చదువు!

ఒకప్పుడు ఈ వ్యాపారం ఎంత గిట్టుబాటో తెలిస్తేనే ఈ పతనం అర్థమవుతుంది. 1960ల మధ్యలో సీబీఎస్‌లో ఫ్రెడ్ సిల్వర్‌మన్ శనివారం పొద్దుటిని కార్టూన్లతో నింపాడు, మిగతా రెండు నెట్‌వర్కులూ అదే దారి పట్టాయి. హన్నా-బార్బెరా అనే కార్టూన్ స్టూడియో తక్కువ బొమ్మలతో పని కానిచ్చే పద్ధతిలో తీసేది. శరీరం బొమ్మ అలాగే ఉంచి నోరు, కళ్లు, చేతులు మాత్రమే మార్చి గీయడం, వెనక దృశ్యాన్నే మళ్లీ మళ్లీ తిప్పడం. దీన్ని చవకబారు పని అని తీసిపారేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. వారానికో భాగం ఇవ్వాలంటే అంతకంటే దారి లేదు, ఆ హద్దుల్లోనే స్కూబీ-డూ లాంటిది పుట్టింది. 1969 సెప్టెంబర్ 13న మొదలైన దాని మొదటి సీజన్‌కి తీసింది 17 భాగాలే. ఏడాదిలో మిగతా వారాలన్నీ వాటినే తిప్పి వేశారు, పిల్లలు విసుక్కోలేదు. కొత్తది తక్కువ, ప్రకటనల రాబడి ఎక్కువ. 1983లో హీ-మ్యాన్ కార్టూన్ ఈ లెక్క మార్చింది. ఏకంగా 65 భాగాలు తీసి స్థానిక స్టేషన్లకి నేరుగా అమ్మారు. వారానికి అయిదు చొప్పున 13 వారాలు. బడి వదిలాక రోజూ కార్టూన్ దొరకడం మొదలైంది, శనివారానికి ఉన్న ప్రత్యేకత అక్కడే సగం పోయింది.

ఫాక్స్ విషయం ఇంకా బాధాకరం. 2001లో ఫాక్స్ కిడ్స్ వ్యాపారం డిస్నీ చేతికి పోయింది. ఫాక్స్ నెట్‌వర్క్ తన శనివారం నాలుగు గంటల్ని 4కిడ్స్ అనే కంపెనీకి అద్దెకిచ్చింది, ఏడాదికి 2.53 కోట్ల డాలర్లు. ప్రకటనల డబ్బు 4కిడ్స్‌ది, నష్టమొచ్చినా దానిదే. 2002 సెప్టెంబర్ 14న మొదలైంది. ఒప్పుకున్నన్ని స్టేషన్లలో మా బ్లాకు రావడం లేదని 4కిడ్స్, అద్దె బాకీ ఉందని ఫాక్స్, చివరికి కోర్టుకెక్కి రాజీపడ్డారు. 2008 డిసెంబర్ 27 ఆఖరి శనివారం. ఆ నాలుగు గంటల్లో రెండు గంటల్ని స్థానిక స్టేషన్లకి తిరిగిచ్చేశారు. మిగతా రెండు గంటల్లో ఏం వేశారు? అమ్మకం ప్రకటనలు. అరగంట నిడివి, వంటపాత్రలు, వ్యాయామం యంత్రాలు. పిల్లలతో కిటకిటలాడిన వేళ అది.

2014 సెప్టెంబర్ 27న సీడబ్ల్యూలో పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 12 దాకా వోర్టెక్స్ బ్లాకు చివరిసారి నడిచింది. సోనిక్ ఎక్స్, యూ-గీ-ఓ, డ్రాగన్ బాల్ జెడ్ కై లాంటివి అందులో వచ్చేవి. వారం తిరిగేసరికి, అక్టోబర్ 4న, అదే వేళకి కుక్కలకి శిక్షణ ఇచ్చే సీజర్ మిలాన్ కార్యక్రమం డాగ్ విస్పరర్ వచ్చింది. కేబుల్‌లో పెద్దవాళ్ల కోసం ఏనాడో తీసిన కార్యక్రమం, దాన్నే మళ్లీ కత్తిరించి ‘ఫ్యామిలీ ఎడిషన్’ అని పేరు పెట్టారు. తెర మూలన చదువు కార్యక్రమానికి గుర్తుగా వేసే ఈ/ఐ ముద్ర దర్జాగా వెలిగింది. ఎన్‌బీసీ తర్వాత మళ్లీ మొదలుపెట్టిన బుజ్జిపిల్లల కార్టూన్లు 2016 దాకా ఉన్నాయి కాబట్టి ఇదే ఆఖరి రోజు అనడం పూర్తిగా సరికాదు. బడికెళ్లే వయసు పిల్లల సాహసాల కార్టూన్లకి మాత్రం ఇదే ఆఖరు.

ఈ గొడవలో 1990 చట్టం కోసం పోరాడిన పెగ్గీ చారెన్‌ని తిట్టేవాళ్లున్నారు, అది అన్యాయం. 1968లో మసాచుసెట్స్‌లో ఆవిడ మొదలుపెట్టిన సంస్థ పిల్లలకి మంచివి ఇంకా చూపించమని అడిగింది, ఉన్నవాటిని నిషేధించమని కాదు. తప్పు నియమం రాసిన తీరులో ఉంది. ఏబీసీలో 1973 నుంచి కార్టూన్ల మధ్య మూడేసి నిమిషాల స్కూల్‌హౌస్ రాక్ పాటలు వచ్చేవి. ఎక్కాలు, వ్యాకరణం, రాజ్యాంగం పాటల్లోనే నేర్పేవి. అరగంట ఉండాలన్న 1996 నియమం ప్రకారం అవి ఆ 3 గంటల లెక్కలోకి రావు. స్పానిష్ నెట్‌వర్క్ యూనివిజన్ మాత్రం కవలపిల్లల మీద తీసిన ఒక టెలీనోవెలాని, అంటే టీవీ సీరియల్‌ని, చదువు కార్యక్రమంగా చూపించింది. అందుకు 2007లో ఎఫ్‌సీసీకి 2.4 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. పొట్టి కార్యక్రమాలకి కొంత చోటు, పొద్దున 6 నుంచే లెక్క అన్న సడలింపులు 2019లో వచ్చాయి. అప్పటికి తియ్యడానికి ఎవరూ మిగల్లేదు.

ఇంకో చిన్న కారణం, ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నా. తూర్పు తీరంలో మధ్యాహ్నం 12కి మొదలయ్యే కాలేజీ ఫుట్‌బాల్ ఆట పడమటి తీరంలో పొద్దున 9కే వస్తుంది. అదే కార్టూన్ల వేళ. చదువు కార్యక్రమం ఆటవల్ల పోతే దాన్ని ఇంకో వేళకి మార్చి వెయ్యాలి, లేకపోతే లెక్కలోకి రాదు. కథ కొనసాగే కార్టూన్‌ని అలా అటూ ఇటూ తోస్తే పిల్లలకి కథ తెగిపోతుంది, పశువైద్యుడి భాగం ఏ వేళకి వేసినా ఒకటే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు పిల్లలకి ఆ పాత కార్టూన్లు చూపించాలనుకుంటే నెలనెలా డబ్బు కట్టక్కర్లేదు. మీటీవీ టూన్స్ అనే కార్టూన్ల ఛానల్ 2024 జూన్ 25 నుంచి 24 గంటలూ నడుస్తోంది, చాలా ఊళ్లలో యాంటెన్నాకి ఉచితంగా అందుతుంది. పాత కార్యక్రమాలు వేసే మీటీవీ ఛానల్లో 2021 జనవరి నుంచి శనివారం పొద్దున కూడా కార్టూన్లు వేస్తున్నారు. మామూలు ఇండోర్ యాంటెన్నాని టవర్లు ఉన్న వైపు కిటికీకి, వీలైనంత ఎత్తులో పెట్టండి. టీవీ మెనూలో ఛానల్ స్కాన్‌కి వెళ్లి ‘కేబుల్’ బదులు ‘ఎయిర్’ లేదా ‘యాంటెన్నా’ ఎంచుకోండి. ఛానళ్లు దొరకట్లేదనేవాళ్లలో చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఈ ఛానళ్లు 5.2, 23.4 లాగా చుక్క తర్వాతి అంకెల్లో ఉంటాయి, రిమోట్‌లో చుక్కకి బదులు అడ్డగీత మీట ఉండొచ్చు. స్టేషన్లు వీటిని అప్పుడప్పుడు ఒక ఛానల్ నుంచి ఇంకోదానికి మారుస్తుంటాయి. ఉన్నట్టుండి మాయమైతే యాంటెన్నా జోలికి పోకుండా ముందు మళ్లీ స్కాన్ చెయ్యండి.