నిరసన ర్యాప్ వ్యాసానికి ఉదాహరణ: ట్యునీషియా

ర్యాప్‌లో రాజకీయ నిరసనపై సెమినార్ వ్యాసానికి అమెరికా పాటలు తప్ప మరేవీ దొరకడం లేదని అడిగారు కాబట్టి, ట్యునీషియాను పరిశీలించమంటాను. స్ఫాక్స్ నగరానికి చెందిన ర్యాపర్ ఎల్ జెనెరాల్ 2010 నవంబరులో విడుదల చేసిన ‘రయీస్ లెబ్లెద్’ (‘దేశాధ్యక్షుడు’) అనే పాట అప్పటి అధ్యక్షుడు బెన్ అలీనే నేరుగా సంబోధిస్తూ, జనం ఆకలినీ పోలీసుల దౌర్జన్యాన్నీ అవినీతినీ ఆయనకే ఏకరువు పెడుతుంది. వీడియో మొదట్లో బెన్ అలీ ఒక బెదిరిన బడిపిల్లవాణ్ణి పలకరించే పాత దృశ్యం కనిపిస్తుంది. నా దృష్టిలో పాటలోని పదునంతా ఆ ఎంపికలోనే ఉంది, మీ విశ్లేషణను అక్కడి నుంచే మొదలుపెట్టండి. 2011 జనవరి మొదట్లో గాయకుణ్ణి అరెస్టు చేసి కొద్ది రోజులకే వదిలేశారు, 14వ తేదీన బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. అయితే పాట వల్లే ప్రభుత్వం కూలిందని మాత్రం రాయకండి: 2010 డిసెంబరు 17న సీదీ బౌజీద్ పట్టణంలో బువజీజీ అనే వీధి వ్యాపారి ఒంటికి నిప్పంటించుకున్నాక ఎగసిన ఆందోళనకు అది గొంతునిచ్చింది, అంతే.