చిన్నీ, ఆ ఫైలుని ఒక్కసారి తెరిచి చూడు

చిరంజీవి చిన్నికి, బాబాయి ఆశీస్సులు.

డీబీఏగా, అంటే డేటాబేస్ చూసుకునే ఉద్యోగంలో, చేరి నెలైందనీ, బ్యాకప్‌లు రోజూ సక్రమంగా నడుస్తున్నాయనీ రాశావు. సంతోషం. అయితే వాటిలో ఒక్కదాన్నైనా ఖాళీ మెషీన్ మీద రీస్టోర్ చేసి, అంటే డేటాని తిరిగి నిలబెట్టి, చూశావా తల్లీ?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకచోట పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డంప్‌ని (మొత్తం డేటా నకలుని) పైపు గుండా, అంటే ఒక కమాండ్ ఫలితాన్ని నేరుగా మరో కమాండ్‌కి అందించే దారిలో, ఫైళ్లను కుదించే జీజిప్‌కి పంపే స్క్రిప్టు ఉండేది. తెల్లారేసరికి ఫైలు వచ్చేది, జాబ్ విజయవంతం అని చూపించేది. ఎవరో పాస్‌వర్డ్ మార్చారు. ఆనాటి నుంచి డంప్ ఫెయిలవుతూనే ఉంది. కానీ స్క్రిప్టు పట్టించుకునేది పైపు చివర ఉన్న జీజిప్ ఫలితాన్నే, అదేమో ఖాళీని కూడా బుద్ధిగా కుదించి పెట్టింది. అవసరం పడిన రాత్రి చూస్తే వరసగా అన్ని ఫైళ్లూ 20 బైట్లే. ఆ అంకె ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. నీ స్క్రిప్టుల్లో పైప్‌ఫెయిల్ (పైపులో ఏ కమాండ్ ఫెయిలైనా మొత్తం ఫెయిలని చూపే సెట్టింగు) పెట్టారో లేదో ఈరోజే చూడు. ఫైలు సైజు నిన్నటికంటే బాగా తగ్గితే నీకు కబురు వచ్చేలా చెయ్యి.

పెద్దవాళ్లకీ ఇది తప్పలేదు. 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సైటు గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు రెప్లికా (నకలు సర్వర్) అనుకుని ప్రైమరీ (అసలు) సర్వర్లోని డేటా డైరెక్టరీని తుడిచేశాడు. సర్వర్లోని పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 9.6, డంప్ తీస్తున్న టూల్ వెర్షన్ 9.2 కావడంతో డంప్‌లు ఫెయిలవుతూ వచ్చాయి. ఆ సంగతి చెప్పే మెయిళ్లు కూడా తిరస్కరణకు గురయ్యాయి. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డిస్కు ఎలా ఉందో ఆ నకలు) ఒకటి దొరికింది. వాళ్లు ఏదీ దాచకుండా అంతా బయటపెట్టారు. ఆ నివేదిక చదువు, మీ టీమ్‌తో కూర్చుని చదివితే మరీ మంచిది.

ప్రొడక్షన్ (జనం నిజంగా వాడే) సర్వర్ ప్రాంప్ట్‌లో, అంటే కమాండ్ కొట్టే వరస మొదట్లో, సర్వర్ పేరు ఎర్రగా కనిపించేలా పెట్టుకో. అప్‌డేట్, డిలీట్ కొట్టేముందు బిగిన్ కొట్టి ట్రాన్సాక్షన్ మొదలుపెట్టు, ఎన్ని వరసలు మారాయో చూశాకే కమిట్ కొట్టి మార్పుని ఖాయం చెయ్యి. బిగిన్ కొట్టి టీకి మాత్రం వెళ్లకు, ఆ వరసలని ఇంకెవరూ మార్చకుండా పడ్డ లాకులు అలాగే ఉండిపోతాయి. క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ ఆ క్వెరీని నిజంగానే నడుపుతుంది, డిలీట్ ముందు పెడితే డేటా పోతుంది. నడిచే టేబుల్ మీద ఇండెక్స్ (వెతుకులాటని వేగం చేసే సూచిక) వేస్తే, రాతలు ఆగకుండా కన్‌కరెంట్లీ అని వెయ్యి, మధ్యలో ఆగిపోతే మిగిలే చెల్లని ఇండెక్సుని తీసెయ్యి.

ఈ పని ఒంటరిగా కూర్చుని నేర్చుకునేది కాదు. నెలకోసారి మీ నలుగురూ కలిసి గడియారం పెట్టుకుని రీస్టోర్ చెయ్యండి. కీబోర్డు అందరికంటే కొత్తగా చేరినవాళ్ల చేతిలో ఉండాలి, సీనియర్లు అడిగితే తప్ప నోరు మెదపకూడదు. ఎక్కడ తడబడ్డారో అదే మీ రన్‌బుక్‌లో (ఏ పని ఎలా చెయ్యాలో రాసుకునే పుస్తకంలో) రాయాల్సిన చోటు. డెవలపర్లని కూడా పిలువు, వాళ్ల క్వెరీ ప్లాన్ (క్వెరీని డేటాబేస్ ఏ దారిలో నడుపుతుందో ఆ పట్టిక) వాళ్లకే చూపించు. అంచనా పది వరసలు, వచ్చినవి పది లక్షలు అని కళ్లారా చూస్తే ఆ అంచనాలకి ఆధారమైన స్టాటిస్టిక్స్ గురించి వాళ్లే అడుగుతారు. బెంగళూరులో జరిగే పోస్ట్‌గ్రెస్ సదస్సు పీజీకాన్ఫ్ ఇండియాకి వీలైతే వెళ్లు. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు వెర్షన్, టేబుల్ నిర్మాణం, ప్లాన్, నువ్వు చేసి చూసినవి ముందే చెప్పు.

శనివారం ఫోన్ చేస్తాను. రీస్టోర్‌కి ఎన్ని నిమిషాలు పట్టిందో చెప్పు.

ఇట్లు,
బాబాయి