ఏ ఏటి పొర?

సందేహం: జపానులోని సుయిగెట్సు సరస్సు గురించిన ఒక వ్యాసంలో ‘అడుగున 45 మీటర్ల మందాన ఏటి పొరలున్నాయి’ అని చదివాను. ఏరు తెచ్చిన పొరలనా, ఏడాది పొరలనా? ఇలా రాయవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: గోదావరి గట్టున ఉన్నవారికి ‘ఏటి’ అనగానే ఏరే తోస్తుంది. తప్పు మీది కాదు, రాసినవారిదీ కాదు. అరసున్నను అటకెక్కించిన మనందరిదీ.

నది ఏఱు, దాని మీద ‘ఏటి’. సంవత్సరం ఏఁడు, దాని మీద ‘ఏఁటి’. తమిళంలో మొదటిది ఆఱు, రెండోది ఆండు. ఆ ‘ండు’లో ఉన్న అనునాసికమే మన దగ్గర అరిగి అరసున్న అయింది. తెలంగాణలో ఇప్పటికీ ‘పదేండ్లు’ అంటారు చూడండి, అక్కడ నిండుసున్నే బతికుంది. ‘పదేళ్లు’ అనేసరికి ఆ ఆనవాలూ పోయి, సెలయేళ్లకూ పదేళ్లకూ తేడా లేకుండా పోయింది. బండి ‘ఱ’నూ వదిలించుకున్నాం. గుర్తులు బరువని తీసేసినవాళ్లమే ఇప్పుడు కుండలీకరణాల్లో అర్థాలు రాసుకుంటున్నాం!

అయినా ఏటిసూతకం అంటే నదికి మైల అని ఎవరూ అనుకోరు. ఏటికి ఎదురీదడమంటే ఏడాదితో పోట్లాట అనీ అనుకోరు. పక్కమాట కాపాడుతుంది. (శ్రీకాకుళంవారి ‘ఏటి?’ వేరు, అది ‘ఏమిటి’.) మీ వాక్యంలో పక్కమాటే ముంచింది. సరస్సు అడుగు మట్టి అంటే ఏరు తెచ్చిందే అనుకోమూ?

తమాషా ఏమంటే, సుయిగెట్సులోకి ఏరు నేరుగా దిగదు. హసు నది పక్కనున్న మికతా సరస్సులో పడి, మోసుకొచ్చిన ముతక మట్టిని అక్కడే దించేస్తుంది. సుయిగెట్సు చుట్టూ కొండలు గాలిని ఆపుతాయి. అడుగునీటిలో ఆక్సిజన్ లేదు కనుక మట్టిని కెలికే పురుగూ లేదు. వసంతంలో డయాటమ్ అనే నాచు చచ్చి దిగితే ఒక తెల్లచార, మిగతా కాలంలో బంకమట్టి దిగితే ఒక నల్లచార. ఈ జంట ఒక ఏఁడు. సగటున మిల్లీమీటరు కూడా ఉండదు. అలా 70 వేల ఏండ్ల లెక్క ఉందక్కడ. ఏ పొరలో ఏ చెట్ల పుప్పొడి చిక్కిందో చూసి, ఎప్పుడు చలి ముదిరిందో, ఎప్పుడు వెచ్చబడిందో చెబుతారు.

దీన్నే మన పత్రికలు ‘వార్షిక అవక్షేప స్తరాల ద్వారా గత వాతావరణ పునర్నిర్మాణం’ అంటాయి. కూలిన వాతావరణాన్ని తాపీమేస్త్రీ మళ్లీ కట్టాడా? ‘ఆనవాలు కట్టడం’ అంటే చాలదూ? పైగా అది వాతావరణం కాదు, శీతోష్ణస్థితి. ఈ పొరల లెక్కను శాస్త్రంగా మలిచిన స్వీడన్ పండితుడు డి గీర్, తన భాషలో తిరుగుడుకూ పొరకూ వాడే ‘వార్వ్’ అన్న మాటనే తీసుకున్నాడు. సంస్కృతం కోసమో లాటిన్ కోసమో పరుగెత్తలేదు.

‘ఏటి పొర’ తప్పనలేను. సుయిగెట్సుకైతే నేను ‘ఏడాది పొర’ అనే రాస్తాను. అయితే డి గీర్ లెక్కపెట్టినవి హిమానీనదాలు కరిగి పారిన నీళ్లు ఏటేటా తెచ్చి పరిచిన పొరలు. అక్కడ మాత్రం అరసున్న ఉన్నా లేకున్నా ‘ఏటి పొర’ చెల్లుతుంది. దాన్ని దిద్దడానికి నాకు చెయ్యి రాదు.