టెక్ సందేహాలు: సముద్రం మీద గాలం వేసేవారికి ఏ చలువ కళ్లద్దాలు?

ప్రశ్న: సెలవు రోజుల్లో మిత్రులతో కలిసి విశాఖపట్నం నుంచి చిన్న ఇంజిను పడవలో వెళ్లి సముద్రంలో గాలం వేస్తుంటాను. అప్పుడప్పుడు అనకాపల్లి వైపు చెరువుల దగ్గర కొరమీను కోసమూ కూర్చుంటాను. పొద్దెక్కేసరికి నీటి మీది మెరుపును కళ్లు తట్టుకోలేకపోతున్నాయి. దుకాణంలో ‘పోలరైజ్డ్’ పేరుతోనే ఆరు వందల నుంచి పదిహేను వేల రూపాయల దాకా రకరకాలు చూపించారు. ఇంత తేడా దేనికి? పైగా అలాంటి అద్దాలు పెట్టుకొన్న మా మిత్రుడికి పడవలోని ఫిష్ ఫైండర్ (నీటి కింద చేపల జాడ చూపే పరికరం) తెర నల్లగా కనబడుతోంది. లోపం అద్దాలదా, పరికరానిదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తెర విషయం తరువాత చూద్దాం. ముందుగా గ్రహించవలసింది ఏమిటంటే, పోలరైజేషన్, అద్దం ముదురుదనం, అతినీలలోహిత కిరణాల నుంచి రక్షణ, అద్దం రంగు అనేవి నాలుగు వేర్వేరు గుణాలు. అమ్మేవారు వీటన్నిటినీ ఒకే మాట కింద కలిపేస్తారు గానీ, ఒకటి ఉన్నంత మాత్రాన మిగిలినవి ఉన్నట్టు కాదు.

నీటి ఉపరితలం మీద పడి తిరిగివచ్చే కాంతిలో అడ్డంగా కంపించే భాగమే ఎక్కువగా ఉంటుంది. పోలరైజ్డ్ అద్దంలోని పలుచని పొర నిలువుగా కంపించే కాంతిని మాత్రమే రానిస్తుంది కనుక, నిలువు కమ్మీల కిటికీలోంచి అడ్డంగా పట్టుకొన్న కర్ర దూరనట్టే ఆ మెరుపు చాలావరకు బయటే ఆగిపోతుంది. 1815లో స్కాట్లండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ ప్రకటించిన సూత్రం ప్రకారం నిశ్చలమైన నీటికి ఇది పూర్తిగా వర్తించేది సూర్యుడు క్షితిజానికి సుమారు 37 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు, అదీ సూర్యుడి వైపు తిరిగి చూస్తున్నప్పుడు. విశాఖ అక్షాంశం దగ్గర, ఋతువును బట్టి, సూర్యుడు ఆ ఎత్తుకు చేరేది ఉదయం ఎనిమిది, పది గంటల మధ్య. అంటే తూర్పు సముద్రంలో మీరు ఎక్కువగా ఇబ్బంది పడే వేళకే ఈ అద్దాలు బాగా పనిచేస్తాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ప్రయోజనం తగ్గుతుంది. అలలున్న నీరు ఒక్కొక్క వాలు నుంచి ఒక్కొక్క కోణంలో కాంతిని విసురుతుంది కాబట్టి కొంత మెరుపు ఎలాగూ మిగులుతుంది. అది చూసి అద్దం నకిలీదనుకోవద్దు.

ఇక ముదురుదనం. అంతర్జాతీయ ప్రమాణాల్లో చలువ అద్దాలకు 0 నుంచి 4 వరకు శ్రేణులు ఉన్నాయి. 3వ శ్రేణి అద్దం 8 నుంచి 18 శాతం కాంతిని, 4వ శ్రేణి అద్దం కేవలం 3 నుంచి 8 శాతం కాంతిని లోపలికి రానిస్తాయి. సముద్రానికి 3వ శ్రేణి చాలు. 4వ శ్రేణి వాహనం నడపడానికి పనికిరాదు. రేవు నుంచి ఇంటికి బండి మీద వెళ్లే మనిషికి దానితో ఉపయోగం కన్నా చిక్కే ఎక్కువ.

ఎంత నల్లగా ఉంటే కంటికి అంత రక్షణ అన్న నమ్మకం మాత్రం ప్రమాదకరమైనది. ముదురు అద్దం వెనుక కంటిపాప విప్పారుతుంది. ఆ అద్దం అతినీలలోహిత కిరణాలను ఆపనిదైతే అవి మామూలు కన్నా ఎక్కువగా కంటిలోకి చేరతాయి. ఏళ్ల తరబడి ఎండలో, గాలిలో పనిచేసేవారికి తెల్లగుడ్డు మీద కండ పెరగడానికి ఈ కిరణాలు ఒక ముఖ్య కారణం. అందుచేత ‘యూవీ400’ అన్న గుర్తును విడిగా అడగండి. అంటే 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వరకు ఉన్న అతినీలలోహిత (యూవీ) కిరణాలను ఆపుతుందని అర్థం. గుర్తు ఎవరైనా ముద్రించగలరు కనుక, యూవీ మీటరు ఉన్న కళ్లద్దాల దుకాణంలో ఒకసారి కొలిపించుకోవడం మేలు.

రంగు విషయంలో నా అభిప్రాయం స్పష్టమే. తీరానికి దూరంగా, లోతైన నీలి నీటి మీద బూడిద రంగు అద్దం రంగులను మార్చకుండా కాంతిని తగ్గిస్తుంది. చెరువుల్లో, తీరం పక్క లోతు తక్కువ నీటిలో గోధుమ లేదా రాగి రంగు అద్దం నాచుకీ ఇసుకకీ, చేప వీపుకీ అడుగుకీ మధ్య తేడాను బాగా ఎత్తి చూపుతుంది. మీరు రెండు చోట్లకూ వెళతారు కాబట్టి, ఒకే జత కొనేటట్లయితే రాగి రంగు తీసుకోండి. పసుపు రంగు తెల్లవారుజాముకు, మబ్బు పట్టిన రోజుకు తప్ప అక్కరకు రాదు. పైన నీలంగా, ఆకుపచ్చగా అద్దంలా మెరిసే పూత మరికొంత కాంతిని తిప్పికొడుతుంది గానీ, మీరు చూసే రంగును నిర్ణయించేది లోపలి అద్దమే.

ధర పెరిగిన కొద్దీ పోలరైజేషన్ అదే లెక్కన పెరగదు. చవక అద్దాల్లోనూ అది తగినంత ఉండవచ్చు. మీరు ఎక్కువగా చెల్లించేది వంకర లేని స్పష్టమైన చూపుకు, వెనుక నుంచి వచ్చే ఎండ అద్దం లోపలి వైపు ప్రతిఫలించకుండా వేసే పూతకు, ఉప్పుకీ వేడికీ పొరలు విడిపోని తయారీకి, కొంతవరకు పేరుకు. గీతలు తొందరగా పడినా సరే, గాజు కన్నా పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ అద్దాన్నే ఎంచుకోమంటాను, ఎందుకంటే విసిరిన గాలమో సీసపు గుండో వెనక్కి దూసుకువచ్చినప్పుడు పగలకుండా నిలిచేది అదే. కణతల దాకా చుట్టుకొనే ఫ్రేము, నీటిలో పడితే తేలే మెడ పట్టీ తప్పనిసరి. పట్టీ లేకుండా పదిహేను వేల అద్దాలను సముద్రం మీదికి తీసుకుపోవడం సముద్రానికి కానుక ఇవ్వడమే.

కొనే ముందు పరీక్షించడం తేలిక. వెలుగుతున్న ల్యాప్‌టాప్ తెర ముందు అద్దాన్ని పట్టుకొని నెమ్మదిగా తిప్పితే ఏదో ఒక కోణంలో తెర దాదాపు నల్లబడాలి. రెండు అద్దాలూ ఒకే కోణంలో నల్లబడాలి. అలా కాకపోతే పొరను వంకరగా అమర్చారన్నమాట. తరువాత వాటిని పెట్టుకొని, మెరిసే గచ్చును గాని, దూరంగా ఉన్న కారు బానెట్‌ను గాని చూడండి: తల నిటారుగా ఉన్నప్పుడు మెరుపు తగ్గి, భుజం వైపు వంచినప్పుడు తిరిగి రావాలి. ఈ పరీక్షను ఫోన్ తెర మీద చేయవద్దు. నల్లబడకుండా ప్రత్యేక పొర వేసిన ఫోన్లు ఉన్నాయి. తెరకు అంటించిన ప్లాస్టిక్ పొర వల్ల ఇంద్రధనుస్సు రంగులు కనిపించడమూ మామూలే.

మీ మిత్రుడి ఫిష్ ఫైండర్ సంగతి దీనితోనే తేలిపోయింది. ఎల్‌సీడీ తెర నుంచి వెలువడే కాంతి కూడా పోలరైజ్ అయినదే. అది కంపించే దిశ అద్దంలోని పొర రానిచ్చే దిశకు అడ్డంగా ఉంటే తెర నల్లగా కనబడుతుంది. ఇందులో ఎవరి లోపమూ లేదు. విమానం నడిపేవారు ఇలాంటి అద్దాలు వాడకపోవడమే మంచిదని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ (ఎఫ్ఏఏ) సలహా ఇచ్చేదీ ఇందుకే. తల కొంచెం వంచితే తెర కనబడుతుంది గానీ, చుక్కాని పట్టుకొన్నవాడు ప్రతిసారీ తల వంచుతూ కూర్చోలేడు. వీలైతే పరికరాన్ని బిగించిన కోణం మార్చండి. కొత్తది కొనేటప్పుడు అద్దాలు పెట్టుకొనే తెరను అటూ ఇటూ తిప్పి చూడండి.

ప్రశ్న: నాకు దూరపు చూపు సరిగా లేదు, పవర్ అద్దాలు వాడతాను. నాగార్జునసాగర్ జలాశయం మీద పడవలో తిరిగేటప్పుడు పోలరైజ్డ్ ఎలా వాడాలి?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: పవర్‌తోనే పోలరైజ్డ్ అద్దాలు తయారుచేసి ఇస్తారు, అదే ఉత్తమం. కాకపోతే పవర్ ఎక్కువైతే బాగా వంగిన ఫ్రేములో అంచుల దగ్గర చూపు వంకరపోతుంది కనుక, వంపు తక్కువ ఉన్న ఫ్రేము అడగండి. ఏడాదికి రెండు మూడు సార్లు వెళ్లేవారికి అంత ఖర్చు అవసరం లేదు. మీ అద్దాల మీదనే తొడుక్కొనే పెద్ద చలువ అద్దాలు సరిపోతాయి, పక్కల నుంచి వచ్చే ఎండను కూడా అవి ఆపుతాయి. క్లిప్పుతో తగిలించేవి చవకే గానీ గాలికి ఊడిపోతాయి, వెనుక నుంచి పడే వెలుగు రెండు అద్దాల మధ్య ప్రతిఫలించి చికాకు పెడుతుంది. ఏవి వాడినా, దుమ్ము పట్టిన అద్దాన్ని చీర కొంగుతో పొడిగా తుడవకుండా ముందు మంచి నీటితో కడగండి. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి. చేతులకు దోమల మందు రాసుకొన్న వెంటనే అద్దాలను ముట్టుకోవద్దు, ఆ మందుల్లో వాడే డీట్ అనే రసాయనం ప్లాస్టిక్‌ను, దాని మీది పూతను పాడుచేస్తుంది.