సెన్సర్ల కోసం రెండు రూపాయల వడ్డీకి అప్పా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. ఆరెకరాల నల్లరేగడిలో డ్రిప్ మీద మిర్చి వేస్తాను. రెండు బోర్లు, ఉచిత కరెంటు. నేలలో తేమను ఫోన్‌లో చూపించే వైర్‌లెస్ సెన్సర్లు 12, వాటి రీడింగులను ఫోన్‌కు చేరవేసే పెట్టె (గేట్‌వే) కలిపి 2.4 లక్షలు అడుగుతున్నారు. నీళ్లు, కరెంటు ఆదాతో రెండేళ్లలో తిరిగొస్తుందట. రెండు రూపాయల వడ్డీకి తేవాలనుకుంటున్నాను. చేతిలో 40 వేలున్నాయి. ఇంటి ఖర్చు నెలకు 18 వేలు. పోయిన వేసవిలో మోటారు కాలితే మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి 35 వేలు తెచ్చాను. ఇంకా విడిపించలేదు.

జవాబు: ఈ అప్పు చేయకండి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 2.4 లక్షలకు వడ్డీయే 57,600, అంటే మీ ఇంటి మూడు నెలల ఖర్చు కన్నా ఎక్కువ. పైగా కరెంటు ఉచితమైనప్పుడు దాని ఆదా మీ జేబులోకి ఎలా వస్తుంది? మిగిలిన నీటితో ఇంకో అరెకరం సాగైతేనో, దిగుబడి పెరిగితేనో తప్ప డబ్బు కనిపించదు.

ఆపదకు డబ్బు దాచుకోకుండా అప్పుకు దిగడం చాలామంది రైతులు చేసే పొరపాటే. ఉద్యోగికి ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే అత్యవసర నిధి చాలు. పంట డబ్బు ఏడాదికోసారి చూసే మీకు 12 నెలలది కావాలి: 2.16 లక్షలు, మోటారు కోసం మరో 35 వేలు. అంటే 2.5 లక్షలు. మీరు అప్పు తేవాలనుకున్న మొత్తం దాదాపు ఇంతే. ఈ వేసవిలోనూ మోటారు కాలితే, నేల ఎండిందని ఫోన్ చెబుతూనే ఉంటుంది, తడి పెట్టడానికి నీళ్లుండవు. ముందు గొలుసు విడిపించండి. ఆ తర్వాత పంట అమ్మిన ప్రతిసారీ ఈ నిధికి కొంత తీసి, విడిగా బ్యాంకులో వేయండి.

కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు పంట రుణం సకాలంలో కడితే 4 శాతమే పడుతుంది. ఎరువులు, మందుల ఖర్చు దాని మీద నడపండి. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా ప్రమాద బీమా, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా ఉన్నాయో లేదో చూసుకోండి.

నిధి సగమైనా నిండాక, చేతి డబ్బుతో రెండు సెన్సర్ నోడ్లతో (సెన్సర్ల వైర్లు తగిలించే, యాంటెన్నా ఉన్న పెట్టెలు) మొదలుపెట్టండి. ఒకటి బోరు దగ్గర, ఒకటి డ్రిప్ లైను చివర. ఒక్కోదానికి 15, 30 సెంటీమీటర్ల లోతుల్లో సెన్సర్లు, డ్రిప్పర్‌కు జానెడు దూరంలో. రేగడి ఎండితే పగుళ్లిస్తుంది. సెన్సర్ చుట్టూ గాలి చేరి, తేమ ఉన్నా లేనట్టు చూపిస్తుంది. అందుకే అదే మట్టిని పలచగా కలిపి గుంతలో పోసి పాతాలి. ఫోన్‌లో కనిపించే శాతాన్ని ఉన్నదున్నట్టు నమ్మకండి, మీ చేను గుర్తులతో పోల్చుకోండి. నిండు తడి పెట్టిన మర్నాటి రీడింగు ఒక గుర్తు, పిడికిట్లో మట్టి ముద్ద కట్టని రోజు రీడింగు ఇంకో గుర్తు. ఆ రెంటి నడుమకు రాగానే తడి పెట్టండి. యాంటెన్నా చేను కన్నా ఎత్తులో ఉండాలి, ఆకులు సిగ్నల్‌ను మింగేస్తాయి. వైర్లను పైపులో దూర్చకపోతే ఎలుకలు కొరుకుతాయి, గుంటక తెంపుతుంది. చివరి కోత అయ్యాక, దుక్కికి ముందు అన్నీ పీకి దాచాలి. అమ్మేవాళ్లను రెండో ఏడాది యాప్ రుసుము ఎంతో, బ్యాటరీలు ఎవరు మారుస్తారో కాగితం మీద రాసివ్వమనండి.