పేరు తెలియని పసివాడి దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

నీ నవల మొదటి మూడు అధ్యాయాలూ అందాయి. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి చదవడానికి కూర్చున్నాను, మొదటి నాలుగు పేజీల్లోనే రెండుసార్లు కునుకు పట్టింది. నీ భాషకి వంక పెట్టడానికేం లేదు. కానీ థియోడెరిక్ కొడుకు విలియం, విలియం కొడుకు బెర్నార్డ్, బెర్నార్డ్ కొడుకు మళ్ళీ విలియం, వాడి తమ్ముడు మళ్ళీ బెర్నార్డ్, ఆ బెర్నార్డ్ కొడుకు ఇంకో విలియం అని వరసగా చదువుతుంటే పెళ్ళిలో ప్రవర వింటున్నట్టుంది. అక్కడైతే కాసేపట్లో భోజనాలు పెడతారని ఓపిక పడతాం.

మనిషిని మాత్రం భలే పట్టావు. సెప్టిమేనియా బెర్నార్డ్ అంటే ఇప్పటి ఫ్రాన్స్ దక్షిణాన నార్బోన్ చుట్టుపక్కల సముద్రతీరాన్ని, 826 నుంచి బార్సిలోనానీ ఏలిన ఫ్రాంకు దొర. షార్లమేన్ కొడుకు లూయీ చక్రవర్తి 829లో ఇతన్ని ఛాంబర్లేన్, అంటే రాజమందిరం పెత్తనం చూసే అధికారి, చేసుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు, ఏడాది తిరక్కుండానే రాణి జుడిత్‌తో అక్రమ సంబంధం అంటగట్టి శత్రువులు తరిమేశారు, చివరికి 844లో లూయీ చిన్న కొడుకు బట్టతల ఛార్లెస్ రాజద్రోహం కింద తల తీయించాడు. ఇంత కథ చేతిలో పెట్టుకుని నువ్వు అతని తాత థియోడెరిక్ దగ్గర మొదలుపెట్టావు!

నేనూ ఆ పని చేసినదాన్నే కాబట్టి తిట్టే హక్కు ఉందనుకుంటున్నాను. ముప్పై ఏళ్ళ కిందట ఒక వారపత్రికకి చారిత్రక కథ రాశాను, అందులో ఒకే పేరున్న తాతనీ మనవణ్ణీ ఒక్కడే అనుకుని కలిపేశాను. కథ అచ్చయింది. మూడో వారం ఒక పాఠకుడి పోస్టు కార్డు వచ్చింది, "అమ్మా, మీ కథానాయకుడు తన తండ్రి పుట్టక ముందే యుద్ధానికి ఎలా వెళ్ళాడు?" అని. ఆ కార్డు ఇప్పటికీ నా డిక్షనరీలో ఉంది. అప్పట్నుంచీ ఏ కథకైనా ముందు ఒక పెద్ద కాగితం మీద వంశవృక్షం గీసుకుంటాను, గోడకి అంటిస్తాను, కథలోకి మాత్రం రానివ్వను.

ఈ ఫ్రాంకులతో చిక్కేమిటంటే వాళ్ళకి ఇంటిపేర్లు లేవు. మనకి ఇంటిపేరు చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. వాళ్ళకి ఒంటి పేరే దిక్కు. తాత పేరు మనవడికి పెట్టుకోవడం మనకీ ఉంది కానీ, వాళ్ళ దగ్గర ఆ పేరే ఆస్తిలాంటిది, ఏ పేర్లు ఏ ఇంట్లో తిరుగుతున్నాయో చూసే చరిత్రకారులు ఎవరు ఎవరికి ఏమవుతారో ఊహిస్తారు. ఊహిస్తారు అన్నాను, చూశావా. నువ్వేమో మొదటి పేజీలోనే తాత విలియం (బెర్నార్డ్ తండ్రి) తల్లి అల్దానా, షార్లమేన్ తాత ఛార్లెస్ మార్టెల్ కూతురని తీర్పు ఇచ్చేశావు. అల్దానా తండ్రి ఫలానా అని చెప్పే పత్రం ఒక్కటీ లేదు. బెర్నార్డ్‌ది రాజుల రక్తం అనీ, లూయీ అతనికి జ్ఞానతండ్రి అనీ ఆ కాలపు చరిత్రకారుడు థేగన్ తన చరిత్రలో రాశాడు, అందులో మొదటి ముక్క పట్టుకుని అల్లిన బంధుత్వం అది. నిజం కావచ్చు కూడా. నీ నవల్లో ఆ మాట బెర్నార్డ్ నోట పెట్టు, దర్బార్లో గొప్పలు చెప్పుకునేటప్పుడు అతను అనకుండా ఉంటాడా? రచయితగా నువ్వు మాత్రం పూచీ పడకు. ఇంటర్నెట్‌లో ఇదే వంశాన్ని దావీదు మహారాజు దాకా తీసుకెళ్ళిన చార్టులున్నాయి, వాటి జోలికి అసలే వెళ్ళకు.

ఇంకో సంగతి. నువ్వు ఉదారంగా వాడుకున్న 804 నాటి దానపత్రం. తాత విలియం టులూజ్ కౌంట్, 793లో ఓర్బియూ నది ఒడ్డున అరబ్బు సేనలతో తలపడి ఓడినా పేరు తెచ్చుకున్నవాడు, 801లో బార్సిలోనా పట్టుకున్నప్పుడూ ఉన్నవాడు, జెల్లోన్ లోయలో మఠం కట్టించి 806లో తనే అక్కడ సన్యాసుల్లో కలిసిపోయాడు. ఇంతవరకు బాగానే రాశావు. మఠానికి భూములిస్తూ రాయించిన పత్రంలో తల్లిదండ్రులు, ఇద్దరు భార్యలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు అందరి పేర్లూ ఉంటాయి, వాళ్ళ ఆత్మల కోసం సన్యాసులు ప్రార్థించాలి కాబట్టి. అయితే ఆ పత్రం రెండు రూపాల్లో ఉందని నీకెవరూ చెప్పలేదా? ఒకటి జెల్లోన్ వాళ్ళది, ఇంకోటి పక్కనే ఉన్న అనియాన్ మఠం వాళ్ళది. ఈ మఠం ఆ మఠం కింద ఉందా లేదా అని తర్వాతి తరాల్లో రెండూ గట్టు తగాదాలాగా ఏళ్ళ తరబడి కొట్టుకున్నాయి, ఆ గొడవలో పత్రాలకి మెరుగులు దిద్దారు. ఒకదాంట్లో ఉన్న కొడుకు ఇంకోదాంట్లో కనిపించడు. కాబట్టి జాబితాలో ఎవరి పేరు చూసినా, ఇది ఎవరు రాశారు, ఏం లాభం కోసం రాశారు అని అడుగు. దానికి దొరికే జవాబు చాలాసార్లు ఆ పేరుకంటే మంచి కథ అవుతుంది.

ఆ మఠం స్తంభాలు నేను చూశాను, తెలుసా. కూతురి పురుడికి న్యూజెర్సీ వెళ్ళినప్పుడు ఒక శనివారం అల్లుడు మన్‌హాటన్ ఉత్తరం కొసన ఉన్న క్లాయిస్టర్స్ మ్యూజియానికి తీసుకెళ్ళాడు. పైనించి వెలుతురు పడే ఒక నడవా చుట్టూ స్తంభాలు, వాటి మీద చెక్కిన ఆకులు, ఆకుల్లో బరమాతో దించినట్టు చిన్న చిన్న కన్నాలు. విలియం కాలానివి కావులే, అతను పోయిన మూడు నాలుగు వందల ఏళ్ళకి చెక్కినవి. ఫ్రెంచి విప్లవం తర్వాత మఠం పాడుపడింది, రాళ్ళు చెదిరిపోయాయి, ఆ స్తంభాలు కొన్ని ఒక జడ్జిగారి పెరట్లో ద్రాక్షపందిరికి గుంజలయ్యాయి. ఏ ఊళ్ళో అనుకున్నావు, అనియాన్‌లోనే! అన్ని వందల ఏళ్ళు కొట్లాడిన పక్క ఊరికి చివరికి గుంజలు దక్కాయి. 1906 ప్రాంతంలో వాటిని కొన్న అమెరికన్ శిల్పి పేరు జార్జ్ గ్రే బర్నార్డ్. ఆ బోర్డు చదివి నేను నవ్వితే అల్లుడు కంగారు పడ్డాడు, ఈవిడకేమైంది అని. ఆ పేరు ఆ రాళ్ళని వదలదు కాబోలు.

సరే, అసలు సంగతికి వస్తాను. నీ మూడో అధ్యాయం చివర ఒకే ఒక్క వాక్యం ఉంది, "బెర్నార్డ్ భార్య ధువోడా పెద్ద కొడుక్కి ఒక హితబోధ గ్రంథం రాసింది" అని. అంతే, దాటేశావు. తమ్ముడూ, నీ నవల ఆ వాక్యంలో ఉంది.

తేదీలు వరసగా పెట్టి చూడు. 824 జూన్ 29న ఆఖెన్ రాజభవనంలో వాళ్ళ పెళ్ళి. 826 నవంబరు 29న పెద్దవాడు విలియం పుట్టాడు. తర్వాత భర్త ఆమెని ఊజెస్ పట్టణంలో ఉంచేసి రాజకీయాల్లో తిరిగాడు. 841 మార్చి 22న రెండోవాడు పుట్టాడు. ఆ పిల్లాడికి జ్ఞానస్నానం ఇంకా కాలేదు, అంటే పేరు పెట్టలేదు, అప్పుడే బెర్నార్డ్ కబురు మీద ఊజెస్ బిషప్ ఎలెఫాంతుస్, ఇంకొందరు కలిసి పసివాణ్ణి తండ్రి దగ్గరికి అక్విటేన్ తీసుకెళ్ళిపోయారు. జూన్ 25న ఫోంతెన్వా దగ్గర లూయీ చక్రవర్తి కొడుకులు ఒకళ్ళమీద ఒకళ్ళు యుద్ధానికి దిగారు. ఆ కాలపు చరిత్రకారుడు నితార్డ్ రాసినదాన్ని బట్టి బెర్నార్డ్ అక్కడికి మూడు లీగుల దూరంలోనే ఉండి ఎటూ కలవలేదు, ఛార్లెస్ వైపు గెలిచిందని తెలిశాక పెద్ద కొడుకుని అతని కొలువుకి పంపాడు. మాటకి కొడుకుని హామీగా పెట్టాడన్నమాట. విలియానికి అప్పటికి ఇంకా పదిహేనేళ్ళు నిండలేదు.

ఇద్దరు పిల్లలూ పోయారు, ఇల్లు బోసిపోయింది. పెద్దవాడి పదిహేనో పుట్టినరోజు మర్నాడు, నవంబరు 30న, ఆమె లాటిన్‌లో రాయడం మొదలుపెట్టింది. 843 ఫిబ్రవరి 2న ముగించింది. అందులో పెద్దవాడితో అంటుంది, నీ తమ్ముడికి నువ్వు ఇది చదివి వినిపించాలి, వాడి పేరేమిటో నాకింకా తెలియదు అని.

నా మనవరాలు పుట్టిన రెండో రోజున ఆస్పత్రిలో ఫారం ఇచ్చి పేరు రాయమన్నారు. బారసాల కాకుండా పేరేమిటని వియ్యపురాలూ నేనూ వీడియో కాల్లో అరగంట వాదించుకున్నాం, టెన్షన్ పడ్డాం, ఆఖరికి మా అమ్మాయే ఏదో రాసి సంతకం పెట్టేసింది. ఆ గొడవంతా అయ్యాక రాత్రి పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంటే నాకు ధువోడా గుర్తొచ్చింది. పేరు గురించి పోట్లాడే అవకాశం కూడా ఆమెకి రాలేదు కదా అనిపించింది.

నీకు కావలసిన వంశవృక్షం కూడా ఆమె పుస్తకంలోనే ఉంది, నీ నాలుగు పేజీలకన్నా వెయ్యిరెట్లు బాగా. పోయినవాళ్ళ పేర్లు ఒక ఏడెనిమిది రాసి, వీళ్ళ కోసం ప్రార్థించు అని కొడుక్కి చెబుతుంది. ఎవరు వాళ్ళు? నీ తండ్రికి ఆస్తి వదిలివెళ్ళినవాళ్ళు. విలియం, అతని ఇద్దరు భార్యలు కునెగుండా, గిట్‌బుర్గా, తర్వాత గెర్బెర్గా, గౌసెల్మ్, ఇంకా కొందరు. ఈ చివరి రెండు పేర్ల దగ్గర ఆగు. గౌసెల్మ్ బెర్నార్డ్ సోదరుడు. గెర్బెర్గా వాళ్ళ అక్కచెల్లెళ్ళలో ఒకతె, సన్యాసిని. 834లో షలోన్ పట్టణం పట్టుకున్న లూయీ పెద్ద కొడుకు లొథేర్, గౌసెల్మ్ తల నరికించాడు, గెర్బెర్గాని మంత్రగత్తె అని నింద వేసి ద్రాక్షసారా పీపాలో పెట్టి సోన్ నదిలో ముంచి చంపించాడు. ఇంకో సోదరుడు హెరిబెర్ట్ కళ్ళు 830లోనే పొడిపించారు. ఇవేవీ ధువోడా రాయలేదు, పేర్లు మాత్రం రాసింది. చదివే కొడుక్కి ఎలాగూ తెలుసు. నువ్వేమో ఆ పీపా సీనుకి మూడు పేజీలు పెట్టి, నీళ్ళ బుడగలతో సహా వర్ణించావు. తీసెయ్. తల్లి ఆ పేరు రాయబోతూ కలం ఒక్కక్షణం ఆపినట్టు రాస్తే చాలు.

ఇంకోటి గమనించావా, అత్తింటివాళ్ళ పేర్లు అన్నిసార్లు రాసిన మనిషి తన అమ్మానాన్నల పేర్లు ఎక్కడా రాయలేదు. ఆమె పుట్టిల్లు ఎక్కడో పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నువ్వు రెండో అధ్యాయంలో ఆమెకి ఒక తండ్రినీ, కోటనీ, తెల్ల గుర్రాన్నీ కల్పించి ఇచ్చావు. నవలే కాబట్టి తప్పనను, కానీ ఆ ఖాళీని ఖాళీగా వదిలితే ఆమె ఎవరో ఇంకా బాగా తెలుస్తుంది.

అప్పుల సంగతి కూడా వాడుకో. సరిహద్దుల్లో భర్త పనులు నడవడానికి క్రైస్తవుల దగ్గరా యూదుల దగ్గరా చాలా అప్పులు చేశాననీ, కొంత తీర్చాననీ, తను పోయాక మిగిలినవి నువ్వు తీర్చాలనీ కొడుక్కి రాస్తుంది. భక్తీ, బైబిలూ, అక్షరాలతో కట్టిన పద్యాలూ ఉన్న పుస్తకంలో చిట్టాపద్దు! ఏ దొర ఇల్లయినా అప్పుల మీద నడుస్తుందని నాకు ఆ ముక్క చదివాకే వెలిగింది.

ఇక బెర్నార్డ్‌ని నువ్వు పూర్తి దుర్మార్గుణ్ణి చేశావు. ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిపోతోంది, రాడ్బెర్టస్ అనే సన్యాసి తిట్లన్నీ అలాగే దింపుకున్నావు. ఆయన అవతలి పక్షం మనిషి. అతని మాట వాడుకో, కానీ 831లో థియోన్‌విల్ సభకి బెర్నార్డ్ వచ్చి, నా మీద నింద వేసినవాడు కత్తి పట్టుకుని ముందుకి రమ్మన్నాడనీ, ఒక్కడూ రాకపోతే ప్రమాణం చేసి బయటపడ్డాడనీ కూడా చూపించు. అలాగని వెనకేసుకొచ్చి మంచివాణ్ణీ చెయ్యకు, భార్య ఒళ్ళోంచి పిల్లాణ్ణి తెప్పించుకున్నవాడు అతనే.

పేర్ల విషయంలో ఒక చిన్న సాయం. ఒక పేజీలో విలియం, ఇంకో పేజీలో గియోమ్, మరో చోట గిలెమ్ అని రాశావు, ముగ్గురూ ఒకడే అని నాకే పట్టలేదు. ఒకటే రూపం పెట్టుకుని, మన ఇళ్ళలో పిలిచినట్టు తాత విలియం, పెద్ద బెర్నార్డ్, చిన్న బెర్నార్డ్ అనెయ్. ఆ పేరులేని పసివాడే పెద్దయ్యాక వెంట్రుకల పాదాల బెర్నార్డ్ అయ్యాడని చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటారు. అంటే తండ్రి పేరే పెట్టారు. ధువోడా రాసిన విలియం మాత్రం తండ్రిని చంపినందుకు ఛార్లెస్ మీద తిరగబడి, 848లో బార్సిలోనా పట్టుకుని, 850లో అక్కడే చచ్చిపోయాడు, నిండా పాతికేళ్ళు లేవు. చిన్నవాడు 886 దాకా బతికాడు. వాడి కొడుక్కి మళ్ళీ విలియం అని పెట్టారు, ఆ విలియమే 910లో క్లూనీ మఠానికి భూమి ఇచ్చాడు. అతని తర్వాత మగ సంతతి లేక దొరతనం మేనల్లుళ్ళకి పోయింది. ఇవన్నీ చివరి అధ్యాయంలో ఒక్క పేజీలో చెప్పెయ్, లాగకు.

మొదటి మూడు అధ్యాయాలూ పక్కన పెట్టి (చింపకు, దాచుకో), ఊజెస్‌లో పిల్లాణ్ణి తీసుకెళ్ళడానికి బిషప్ వచ్చిన పొద్దున్నే కథ మొదలుపెట్టి చూడు. వాడికి ఇంకా పేరు లేదు కాబట్టి ఆమె ఏమని పిలుస్తోందో నువ్వే ఆలోచించుకో. రాశాక పీడీఎఫ్ పంపకు, వర్డ్ ఫైల్ పంపు, నా కళ్ళకి అక్షరాలు పెద్దవి చేసుకుంటే తప్ప ఆనటం లేదు.

మీ అక్క