పెంపుడు జంతువుల పుస్తకం రాస్తున్న మా చిన్నీకి

చిన్నీ,

పిల్లల కోసం పెంపుడు జంతువుల మీద పుస్తకం రాస్తున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మొదలుపెట్టి మూడు నెలలైందట, నాకిప్పుడా తెలిసేది? సంతోషం ఎంత వేసిందో టెన్షనూ అంతే పట్టుకుంది, రాత్రి సరిగ్గా నిద్ర లేదు.

అక్షరాలు పెద్దవిగా ఉండాలి, వాక్యాలు చిన్నవిగా ఉండాలి, అవన్నీ నీకు తెలిసినవే. ఆవుకు నాలుగు పొట్టలని మాత్రం రాయకు, పొట్ట ఒకటే, అందులో గదులు నాలుగు. దూడల గురించి రాసే ముందు ఒకసారి సింహాచలం వెళ్లు, అప్పన్నకు మొక్కుకుని ఇచ్చిన కోడెదూడలను దగ్గర నిలబడి చూడు.

పెదవాల్తేరు బడిలో టీచరుగా ఉన్నప్పుడు నేనూ పదహారు పేజీల పుస్తకం రాశాను. "పిల్లికూనకు రోజూ ఆవుపాలు పట్టాలి" అని అందులో ఒక వాక్యం. ఎవర్నీ అడగలేదు, అందరూ అనే మాటే కదా అనుకున్నాను. ఆ వానాకాలం నాలుగో తరగతి పిల్లాడొకడికి కాలవ పక్కన కళ్లు తెరవని కూన దొరికింది. నా పుస్తకం పక్కన పెట్టుకుని, దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, ఇంకు ఫిల్లరుతో ఆవుపాలు పట్టాడు. విరేచనాలు పట్టుకుని మూడో రోజుకు పోయింది. వాడు ఏడవలేదు. పాలు ఒలికి అట్టకట్టిన ఆ పేజీ తీసి, వాక్యం కింద వేలు పెట్టి, "ఇలాగే చేశాను టీచర్, ఎక్కడ తప్పు చేశాను?" అని అడిగాడు. తప్పు నాది నాన్నా అని ఆ రోజు నోరు పెగల్లేదు, ఆ వేలు నాకిప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

తర్వాత పశువుల డాక్టరుగారు అయిదు నిమిషాల్లో చెప్పారు: ముందు కూన ఒంటికి వెచ్చదనం, తర్వాతే పాలు, అవీ కూనల కోసం చేసిన పాలపొడితో, బోర్లా ఉంచి, రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం. ఆ అయిదు నిమిషాలు నేను ముందే అడిగి ఉండాల్సింది. నువ్వు ప్రతి పేజీ డాక్టరుకు చూపించాకే అచ్చుకివ్వు తల్లీ.

పంజరంలో రామచిలుక బొమ్మ వేయించకు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పెంచడం నేరం.

కుక్క పేజీలో ముద్దు మాటలకంటే ముందు ఇది రాయి. కరిచినా, గీరినా దాచకుండా ఇంట్లో చెప్పాలి, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, పసుపూ కారం పెట్టకుండా ఆ రోజే విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో దగ్గర్లోని ఆసుపత్రికో వెళ్లి టీకా వేయించుకోవాలి. తిడతారని పిల్లలు దాచేస్తారే, నా భయమంతా అదే. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించడం దాదాపు అసాధ్యం.

ఆదివారం కాగితాలన్నీ పట్టుకుని రా, పెసరట్లు వేస్తాను. మన మెట్ల కింద తెల్లపిల్లి ఈనింది, నాలుగు కూనలు. ముట్టుకోకుండా కాసేపు కూర్చుని చూద్దువుగాని.

పెద్దమ్మ